హెన్రీ డార్సీ

త్రాగడానికి మంచినీరు లేని నగరం ఎన్ని సంపదలున్నా నిరుపేదే. 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సు దేశంలోని డిజాన్ నగరం అటువంటి దుస్థితిలో ఉండేది. కలుషితమైన బావినీరే ప్రజలకు దిక్కు. ఆ లోటు తీర్చడానికి నడుం కట్టి, ఆ కృషిలోనే శాస్త్రలోకానికి ఒక మూలసూత్రాన్ని అందించిన ఇంజనీరు హెన్రీ డార్సీ.

ఆయన 1803 జూన్ 10న ఆ నగరంలోనే జన్మించారు. 14వ ఏట తండ్రిని కోల్పోయినా, తల్లి శ్రద్ధ వల్ల చదువు ఆగలేదు. పారిస్‌లో ఇంజనీరింగ్ విద్య పూర్తిచేసి, ప్రభుత్వోద్యోగిగా స్వస్థలానికి తిరిగి వచ్చారు. నగరంలో తవ్వించిన లోతైన బావి చాలినంత నీరివ్వలేదు. అప్పుడు డార్సీ 12 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రోజ్వార్ ఊటనీటిని కప్పు వేసిన కాలువ ద్వారా తీసుకురావాలని తలపెట్టారు. యంత్రాల సాయం లేకుండా, కేవలం నేల వాలు ఆధారంగా 1840 సెప్టెంబరులో ఆ నీరు నగరానికి చేరింది. ఈ సేవకు రావలసిన పారితోషికాన్ని ఆయన స్వీకరించలేదు.

1848 విప్లవానంతరం రాజకీయ కారణాల వల్ల ఆయన స్వస్థలాన్ని వీడవలసి వచ్చింది. అయినా కుంగిపోలేదు. పారిస్‌లో గొట్టాలలో నీటి ప్రవాహంపై విస్తృతంగా ప్రయోగాలు చేశారు. గొట్టం లోపలి గరుకుదనం ప్రవాహాన్ని ఎంతగా అడ్డగిస్తుందో నిరూపించారు.

ఆరోగ్యం క్షీణించడంతో ఉద్యోగ బాధ్యతల నుండి తప్పుకొని డిజాన్ చేరిన డార్సీ విశ్రాంతి కోరలేదు. నీటిని వడగట్టే ఇసుక పొరల గుట్టు తెలుసుకోదలచారు. 1855లో ఒక ఆసుపత్రి ఆవరణలో 35 సెంటీమీటర్ల వ్యాసం గల నిలువు గొట్టంలో ఇసుక నింపి, దాని గుండా నీటిని పంపించారు. షార్ల్ రిట్టర్ ఆయనకు తోడ్పడ్డారు. ఇసుక పొరకు ఎగువ, దిగువల నీటిమట్టాల భేదం పెరిగితే ప్రవాహం అదే నిష్పత్తిలో పెరుగుతుందని, పొర మందం పెరిగితే అదే నిష్పత్తిలో తగ్గుతుందని తేలింది. 1856లో వెలువడిన గ్రంథంలోని ఈ ఫలితమే డార్సీ నియమం. రెండేళ్లయినా గడవకముందే, 1858 జనవరి 3న, 54వ ఏట ఆయన మరణించారు.

ఈ నియమం సన్నని రంధ్రాలలో నెమ్మదిగా సాగే ప్రవాహానికే వర్తిస్తుంది. ముతక కంకరలో నీరు వేగం పుంజుకుంటే ముందుగా దాని జడత్వం అడ్డు వస్తుంది. వేగం ఇంకా హెచ్చితే సుడులు ఏర్పడి ప్రవాహం సంక్షుబ్ధమవుతుంది. అప్పుడు మట్టాల భేదాన్ని రెట్టింపు చేసినా ప్రవాహం రెట్టింపు కాదు. 1901లో ఆస్ట్రియా ఇంజనీరు ఫిలిప్ ఫోర్ష్‌హైమర్ డార్సీ సూత్రానికి వేగపు వర్గంపై ఆధారపడే మరొక పదాన్ని జోడించి ఈ కొరతను తీర్చారు. ప్రతి రంధ్రంలోని ప్రతి సుడినీ లెక్కించడం దుస్సాధ్యం గనుక, నేటికీ శాస్త్రజ్ఞులు అనేక రంధ్రాల సగటు వేగాన్ని తీసుకొని, ఆ రెండు పదాల ఆధారంగా గణిత నమూనాలు నిర్మిస్తున్నారు. రాతికట్టల గుండా ఊరే నీరు, సహజవాయువు బావులు, రసాయన కర్మాగారాలలో గుళికలు నింపిన స్తంభాలు, అన్నింటికీ అవే ఆధారం.

రాళ్ల పారగమ్యతను కొలిచే ప్రమాణానికి డార్సీ పేరే పెట్టారు. డిజాన్‌లో ఒక కూడలి కూడా ఆయన పేరుతోనే ఉంది. తన ఊరి దాహం తీర్చాలన్న తపనే ఆయనను విశ్వవిఖ్యాతుణ్ణి చేసింది.