నెత్తురు చిగురించు రహస్యము – యల్లాప్రగడ సుబ్బారావుగారు

బల్లి తోక తెగిపడినను కొలది వారములలో క్రొత్త తోక మొలచును. పీత కాలు పోగొట్టుకొన్నచో, పెంకు విడిచిన ప్రతిసారియు ఆ కాలు కొంచెము కొంచెముగా మరల పెరుగును. సాలమాండరు అను ఉభయచరము ఎముక, కండ, నరములతో సహా నిండు కాలినే తిరిగి నిర్మించుకొనగలదు. మనుష్యునకు ఈ భాగ్యము లేదేమని తరగతిలో ఏ బాలుడో ప్రశ్నింపక మానడు. లేదని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మన కాలేయములో కొంత భాగము కోసివేసినను మిగిలినది పెరిగి ఆ లోటును పూరించును. చర్మము నిత్యము క్రొత్తదగుచుండును. అన్నిటికంటె మిన్నగా, మన రక్తము ఎడతెగక పునర్జన్మ మెత్తుచున్నది. ఎఱ్ఱకణమునకు ఆయువు సుమారు 120 దినములు. గతించిన కణముల స్థానమును నింపుటకు ఎముకలలోని మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా క్రొత్త కణములను పుట్టించుచుండును. ఆ పని కుంటుపడినచో మనుష్యుడు పాలిపోయి క్షీణించును. ఆ పనికి అత్యవసరమైన ఒక ద్రవ్యమును ప్రయోగశాలలో నిర్మింపజేసిన వారిలో ముఖ్యులు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన జగన్నాథముగారికి, వెంకమ్మగారికి జన్మించిరి. చదువులో మొదటినుండియు మెఱసిన బాలుడు కాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణులు కాలేదు. పరీక్షలో తప్పిన విద్యార్థి ఈ సంగతి నెఱిగియుండుట మంచిది. సన్న్యాసము వైపు మనసు లాగినను తల్లి సమ్మతింపకపోవుటచే మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించుట అక్కడి శస్త్రవైద్యాచార్యునకు రుచింపలేదు. తత్ఫలితముగా ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే.

ఆ దినములలోనే ఆ కుటుంబముపై పిడుగు పడెను. సుబ్బారావుగారి సోదరు లిద్దరు కొలది దినముల తేడాతో మరణించిరి. ఆ వ్యాధిని పాశ్చాత్యులు స్ప్రూ అందురు. మనవారి సంగ్రహణి లక్షణములు దానియందు కనబడును. ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనజాలవు. నాలుక పుండగును. రక్తము పలుచబడును. సుబ్బారావుగారు కూడ దానివాతబడిరి కాని, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన బ్రతికి బయటపడిరి. వైద్యము చదివిన వానికి తన ఇంటిలోని వ్యాధికి మందు తెలియకపోవుటకంటె కష్టమేమున్నది?

కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ యిచ్చిన ధనముతోను అమెరికా చేరిరి. బోస్టన్ నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము చదువుచు, పొట్టపోసికొనుటకు రాత్రులు ఆసుపత్రిలో రోగుల పాత్రలు శుభ్రపరచు పని చేసిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిరి. తండ్రి ప్రయాణమైన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. సుబ్బారావుగారు మరల ఇండియాకు రానేలేదు. ఆ దంపతులు మరల కలసికొననూ లేదు. ఆయన కీర్తిని చెప్పుకొనునపుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యమును మనము తఱచు విస్మరించుచుందుము.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి ఆయన చేసిన పని జీవరసాయన శాస్త్రమున సుప్రసిద్ధము. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతి 1925లో వెలువడెను. కండ కదలికకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను వారు ప్రకటించిరి. రెండవదానిని జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా కనుగొనెను. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు.

కాని ఆయన మనసు కాలేయము చుట్టును తిరుగుచుండెను. రక్తము తీసివేయబడిన కుక్కలకు కాలేయము తినిపించినచో నెత్తురు త్వరగా మరల వృద్ధియగునని జార్జి విప్పిల్ చూపెను. బోస్టన్ వైద్యులగు మైనట్, మర్ఫీలు 1926లో అదే కాలేయముతో ప్రాణాంతకమగు ఒక పాండురోగమును మాన్పిరి. ఈ మువ్వురకు 1934లో నోబెల్ బహుమానము వచ్చినది. కాలేయమున దాగిన ఆ సంజీవని యేమి? మరియొక వంక, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీల పాండురోగము ఈస్టు సారముతో నయమగునని కనుగొనెను. ఆకుకూరలలో సైతము అట్టి ద్రవ్యము గలదని తేలి, 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చెను.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ పరిశోధనశాలకు చేరి, పరిశోధన విభాగమునకు అధిపతులైరి. వారి నాయకత్వమున అక్కడి రసాయనికులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. ఇది ఒక్కని పని కాదు. ఫోలిక్ ఆమ్లమును సుబ్బారావుగారు ఒంటరిగా కనిపెట్టిరని వ్రాయుట ఆయనకు గౌరవము కాదు, తోడివారికి అన్యాయము. అయినను గ్రాముల లెక్కన కూడ దొరకని వస్తువు రోగి చేతికందినది ఆయన పట్టుదల వలననే. టామ్ స్పీస్ అను వైద్యుడు దానిని పాండురోగులకును, స్ప్రూ రోగులకును ఇచ్చి చూడగా, మూలుగ మేల్కొని క్రొత్త రక్తమును పుట్టించెను. సోదరులను కబళించిన రోగమునకు ఆయన ప్రయోగశాలనుండియే మందు వెడలినది. కాని పాతికేండ్లు ఆలస్యముగా.

ఇది ఎట్లు పనిచేయును? కణము రెండుగా చీలుటకు ముందు తనలోని డి.ఎన్.ఏ.కు మరియొక ప్రతి సిద్ధము చేసికొనవలెను. ఆ ప్రతికి కావలసిన ముడిసరకును కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము వలయును. అది లేనిచో మూలుగలోని కణములు చీలలేక పెద్దవై, అపక్వములై నిలిచిపోవును. సాలమాండరు కాలి మొగ్గలోనైనను, మన మూలుగలోనైనను జరుగు మూలకార్యము ఈ కణవిభజనమే. సైనిక్‌పురి పాఠశాలల వారు దీనిని పిల్లలకు చెప్పదలచినచో దూరము పోనక్కరలేదు. నాచారము దాటి హబ్సిగూడ చేరిన, ఉప్పల్ రోడ్డు మీద 1977లో స్థాపింపబడిన సి.సి.ఎం.బి. కలదు, కణములను, అణువులను గూర్చిన పరిశోధనయే దాని వృత్తి. అంతకంటె సమీపమున, ప్రభుత్వ పాఠశాలలలో వారమున కొకమారు పిల్లలకు పంచు నీలిరంగు మాత్రయే యున్నది. దానిలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలదు.

పెంచు ద్రవ్యము తెలిసినపిమ్మట, దానిని పోలి దాని పనిని అడ్డగించు ద్రవ్యము నేల తయారు చేయరాదు? ల్యుకేమియా యనగా రక్తమునకు పట్టిన రాచపుండు. తెల్లకణములు అదుపు తప్పి పెరుగును. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అట్టి శిశువులకు ఫోలిక్ ఆమ్ల సంబంధ ద్రవ్యముల నీయగా వ్యాధి తగ్గుటకు మారుగా త్వరపడెను. అప్పుడాయన లెడర్లీలో తయారైన విరుద్ధ ద్రవ్యమగు అమినోప్టెరిన్‌ను ప్రయోగించెను. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితములను బట్టి 16మంది పిల్లలలో 10మందికి వ్యాధి ఉపశమించినది. ఉపశమనము తాత్కాలికమే, కొన్ని మాసములకు రోగము తిరుగబెట్టెను. కాని అంతవరకు ఆ రోగమున ఏ మందును అంతమాత్రపు పని చేసియుండలేదు.

బోదకాలునకు వాడు హెట్రజాన్, డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ సైతము సుబ్బారావుగారి పరిశోధనశాలనుండియే వచ్చినవి. అవి వేరొక వ్యాసమునకు తగినవి.

ఫార్బర్ ఫలితములు వెలువడిన రెండు మాసములకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుతో మరణించిరి. వయస్సు 53. అమినోప్టెరిన్‌కు తోబుట్టువగు మెథోట్రెక్సేట్‌తో, గర్భిణీ స్త్రీల మాయనుండి పుట్టు ఒక రాచపుండు పూర్తిగా నయమైనట్లు 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ అను వైద్యులు ప్రకటించిరి. ల్యుకేమియా వచ్చిన పిల్లల చికిత్సలో ఆ మందును నేటికిని వాడుచున్నారు.