పందుల పాకలో జబ్బు వ్యాపించకుండా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం నుంచి తెలుసుకోవలసినవి

పంది మేత మానేసి ఓ మూల పడుకుంటే మన పాయకరావుపేట, నక్కపల్లి మండలాల్లో చాలామంది రైతులు ముందుగా వెళ్లేది మందుల షాపుకే. టెట్రాసైక్లిన్ రకం ఇంజెక్షన్ ఒకటి తెచ్చి వేయించేస్తారు. కొన్ని జబ్బులకు అది బాగా పనిచేస్తుంది. కానీ పాకలోని పందులన్నిటినీ వారం పది రోజుల్లో ఊడ్చేసే జబ్బుకు ఏమాత్రం పనిచేయదు. ఈ తేడా తెలియక డబ్బూ పోతోంది, అంతకంటే విలువైన సమయమూ పోతోంది. ఆ మందు ఎలా పుట్టిందో, దాని వెనుక ఉన్న తెలుగువాడు ఎలా బతికాడో తెలిస్తే విషయం సులువుగా అర్థమవుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. చదువు మీద మనసు నిలవక చిన్నతనంలో ఒకసారి ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరితే తల్లి వెనక్కి తీసుకొచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. తర్వాత మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపై మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టుకుని కాలేజీకి వెళ్లడం తెల్లదొర ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎమ్.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి నీరసించి, రక్తం తగ్గిపోయే జబ్బు అది. అప్పట్లో ఇంగ్లిషు వైద్యంలో దానికి మందు లేదు. తర్వాత సుబ్బారావు గారికీ అదే జబ్బు చేస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు కూడా. ఇంగ్లిషు వైద్యం చదివిన మనిషి ఆయుర్వేదాన్ని చిన్నచూపు చూడకపోవడం నాకు నచ్చే విషయం.

1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరిని పుట్టింట వదిలి వెళ్లిన ఆయన మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టకూటికి రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. మన భూసార పరీక్షల ప్రయోగశాలల్లోనూ భాస్వరం చూసేటప్పుడు ఇలాగే నీలం రంగు వచ్చే పద్ధతులు వాడతారు కాబట్టి, వ్యవసాయం చదివినవాళ్లకు ఈ సంగతి దగ్గరిదిగా అనిపిస్తుంది. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల మీద చేసిన పనితో 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో మాత్రం స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరి, కొద్దికాలానికే పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్లలో ఆయన చేయించిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సోదరులను మింగిన స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే ప్రయోగశాలలో తయారు చేసింది. బోదకాలుకు వాడే డీఈసీ మందు 1947లో అక్కడి నుంచే వచ్చింది. మన కోస్తా ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు అవే.

మూడోది మన పందుల విషయానికి నేరుగా సంబంధించినది. జబ్బు క్రిములను చంపే సూక్ష్మజీవులు మట్టిలో ఉంటాయని తెలిశాక, ఆయన విభాగంలో ఎన్నో చోట్ల నుంచి మట్టి తెప్పించి పరీక్షించారు. బెంజమిన్ డగ్గర్ అనే పెద్ద వయసు వృక్షశాస్త్రవేత్త ఆ పని చూసేవారు. మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1888 నుంచి నడుస్తున్న శాన్‌బర్న్ వ్యవసాయ క్షేత్రం 23వ మడిలోని మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి తీసిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అంటే పంటపొలం మట్టిలో దొరికిన మందు అది. 1948 జులైలో దాన్ని ప్రపంచానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. అప్పటికి వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1995లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఆయన పోయాక జరిగింది కూడా మనకు కావాలి. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోడిపిల్లలు, పందిపిల్లలు త్వరగా బరువు పెరుగుతున్నాయని అదే కంపెనీలోని స్టాక్‌స్టాడ్, జూక్స్ 1950 ప్రాంతంలో కనుక్కున్నారు. దాంతో ప్రపంచమంతా జబ్బు లేని పశువుకూ రోజూ మందు మేపడం మొదలైంది. ఫలితంగా మందుకు లొంగని క్రిములు పుట్టుకొచ్చాయి. ఐరోపా దేశాలు 2006 నుంచి బరువు పెంచడానికి యాంటీబయాటిక్స్ మేపడాన్ని పూర్తిగా ఆపేశాయి. మన దేశంలో కోలిస్టిన్‌ను 2019లో పశువులకు, కోళ్లకు నిషేధించారు. కాబట్టి దాణాలో మందు పొడి కలిపే అలవాటు ఉంటే మానేయండి.

ఇక అసలు సంగతి. టెట్రాసైక్లిన్ చంపేది బ్యాక్టీరియాను. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, మామూలు స్వైన్ ఫీవర్ రెండూ వైరస్ జబ్బులు. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది. ప్రభుత్వ పశువైద్యశాలలో అడిగి, డాక్టరు చెప్పిన వయసులో తప్పక వేయించండి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదటిసారి మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు మందు లేదు, మన రైతులకు అందే టీకా కూడా లేదు. సోకిన పందుల్లో దాదాపు అన్నీ చనిపోవచ్చు. తీవ్రమైన జ్వరం, చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రబడి నీలంగా మారడం, ముక్కు నుంచి రక్తం, ఒక్కోసారి ఏ లక్షణమూ లేకుండానే హఠాత్తుగా చావడం కనిపిస్తాయి. రెండు జ్వరాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేల్చేది ప్రయోగశాల పరీక్షే. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు సోకదు, ఆ భయం అక్కర్లేదు.

మందు లేని జబ్బును గేటు దగ్గరే ఆపాలి. సంతలో కొన్న పందిపిల్లను నేరుగా పాకలో కలపకండి. దూరంగా వేరే కొట్టంలో 30 రోజులు ఉంచి, దానికి వేరే బకెట్టు, వేరే చెప్పులు వాడండి. ముందు పాత పందుల పని ముగించి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరకు వెళ్లాలి. తుని, పాయకరావుపేట హైవే హోటళ్ల నుంచి తెచ్చే ఎంగిలి కుడితిలో పంది మాంసం ముక్కలుంటే వైరస్ అలాగే వచ్చేస్తుంది. కుడితిని కనీసం అరగంట తెర్లించి, చల్లార్చి పోయండి. పంది మాంసం కలిసిందని అనుమానముంటే అసలు పోయవద్దు. వంటచెరకు ఖర్చని కొందరు పచ్చిదే పోస్తున్నారు. ఒక ఈనిక పిల్లల ఖరీదుతో పోలిస్తే ఆ కట్టెల ఖర్చు ఎంత?

పందులను రోడ్ల మీదకు వదలకండి. మగపందిని ఊరూరా తిప్పడం, కొనేవాళ్లను పాకలోకి రానివ్వడం కూడా జబ్బును మోసుకొస్తాయి. బేరం బయటే ఆడుకోవచ్చు. పాక వాకిట్లో మందునీళ్ల తొట్టి పెట్టి చెప్పులు ముంచి రావాలి. ముందు పేడ, బురద కడిగితేనే ఆ నీళ్లు పనిచేస్తాయి. నేల కడగడానికి కాస్టిక్ సోడా లీటరు నీటికి 20 గ్రాములు సరిపోతుంది. చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది కనుక చేతికి తొడుగులు వేసుకోండి, ఆరేవరకు పందులను ఆ నేల మీదకు రానివ్వకండి.

నేను వ్యవసాయం చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. ఇంజెక్షన్ మోతాదు, ఎన్ని రోజులు వేయాలి, ఆ తర్వాత ఎన్నాళ్లకు మాంసానికి అమ్మాలి అన్నవి డాక్టరు గారినే అడగండి. రెండు పందులు వెంటవెంటనే చస్తే మాత్రం మిగిలినవాటిని హడావుడిగా అమ్మేయకండి. అలా అమ్మిన పందే పక్క ఊరికి జబ్బు చేరవేస్తుంది. వెంటనే 1962కి గానీ, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గానీ ఫోన్ చేయండి. జబ్బు నిర్ధారణ అయితే చుట్టూ కిలోమీటరు లోపలి పందులను ప్రభుత్వమే తొలగిస్తుంది, అలా తొలగించిన వాటికి నిబంధనల ప్రకారం పరిహారం ఉంటుంది. మీ పందుల లెక్క, ఈనిన తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకుంటే అప్పుడు పనికొస్తుంది. చచ్చినదాన్ని తాండవ నదిలోనో, కాలువ గట్టునో పడేయవద్దు. డాక్టరు గారు వచ్చి నమూనాలు తీసేవరకు కుక్కలు లాగకుండా కప్పి ఉంచి, తర్వాత నీటి బావులకు దూరంగా ఆరడుగుల లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.