సలమాంకా చదువు – బెల్‌గ్రానో బతుకు

విదేశీ చదువు అనగానే మంచి ఉద్యోగం, పెద్ద జీతం మన కళ్లముందు మెదులుతాయి. అర్జెంటీనా పతాక నిర్మాత మాన్యుయెల్ బెల్‌గ్రానో కథ వేరు.

1770లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక సంపన్న వర్తకుని ఇంట పుట్టిన ఈయన 1786లో ఓడెక్కి స్పెయిన్ చేరాడు. 1218 నాటి సలమాంకా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1789లో వయ్యదోలిద్‌లో పట్టా పుచ్చుకున్నాడు. మనసు మాత్రం లా పుస్తకాలకంటే అర్థశాస్త్రం మీద, పరభాషల మీద ఉండేది. ఆ ఏడే ఫ్రాన్సులో విప్లవం రేగింది. స్వేచ్ఛ, సమానత్వం అన్న మాటలు ఆ కుర్రవాణ్ణి పట్టి కుదిపేశాయి. నిషిద్ధ గ్రంథాలు చదవడానికి ఏకంగా పోపుగారి అనుమతే తెచ్చుకున్నాడు!

1794లో స్వదేశం చేరి వర్తక మండలి కార్యదర్శి అయ్యాడు. రైతులకు సేద్యపు విద్య కావాలనీ, ఆడపిల్లలకూ బడులు పెట్టాలనీ పోరాడాడు. 1810 విప్లవం తర్వాత ఈ లాయరుగారే సేనాని కావలసి వచ్చింది. 1812లో పరానా నది ఒడ్డున నీలం, తెలుపు జెండా ఎగరేశాడు. 1813లో సాల్టా విజయానికి ప్రభుత్వం బహూకరించిన 40,000 పెసోలను తాను ముట్టకుండా, నాలుగు ఊళ్లలో బడులు కట్టమని ఇచ్చేశాడు.

ఆ సొమ్ము బడులకు సకాలంలో అందనేలేదు. హుహుయ్ పట్టణంలో ఆయన కోరిన బడి స్థిరంగా వెలిసేసరికి 2004 వచ్చింది. 1820 జూన్ 20న ఆయన పేదరికంలోనే కన్నుమూశాడు. వైద్యుడికి ఇవ్వడానికి డబ్బులేక గడియారం ఇచ్చాడు.

సముద్రం దాటి తెచ్చిన చదువును ఆయన తన ఇంటికి కాక ఊరికి ఖర్చుపెట్టాడు. మిత్రులారా, రేపు పట్టా చేతబట్టి ఈ కాలేజీ గేటు దాటేటప్పుడు మనం దాన్ని దేనికి ఖర్చుపెడతాం?