ఎర్నెస్టు రాయిటర్

కోటను ముట్టడించి లోనికి గింజ పోనీయకుండుట పురాతన యుద్ధతంత్రము. ఇరువదవ శతాబ్దమున నట్టి ముట్టడి కెదురు నిలిచిన నగరపాలకుడు ఎర్నెస్టు రాయిటర్.

ఈతడు 1889లో జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి, రష్యాలో బందీయై, బోల్షెవిక్కులతో జేరెను. స్వదేశమున కమ్యూనిస్టు పక్షమునకు ప్రధాన కార్యదర్శియు నయ్యెను; 1922లో బహిష్కృతుడై సోషల్ డెమోక్రాట్లను గలిసెను. హిట్లరు ప్రభుత్వ మాతనిని నిర్బంధశిబిరమున నుంచెను. విడుదలైన పిదప టర్కీకి వలసపోయి, 1946లో మరలివచ్చెను. 1947లో బెర్లిను నగరాధ్యక్షుడుగా నెన్నికయ్యెను గాని, సోవియట్టుల యభ్యంతరముచే పదవి చేపట్టజాలడయ్యెను.

పశ్చిమ రాజ్యములు క్రొత్త నాణ్యమును ప్రవేశపెట్టగా, 1948 జూన్ 24న సోవియట్టులు పశ్చిమ బెర్లినునకు రైలు, రోడ్డు, జల మార్గములను మూసివైచిరి. ఇరువదిలక్షల జనమునకు ఆకాశమొక్కటియే దారి. ఇంతమందిని విమానములతో పోషింపవచ్చునని రాయిటర్‌కు నమ్మకము లేదు. అయినను ప్రజ లెంతటి కష్టము నైన నోర్తురని అమెరికా సేనాని క్లేకు మాట యిచ్చెను. ఆ మాట నిలిచినది. సోవియట్టులు తమ భాగమున రేషను నిత్తుమన్నను, పుచ్చుకొన్నవారు కొలదిమందియే. విమానములు సుమారు 23 లక్షల టన్నుల సామగ్రిని జేరవేసెను. అందు బొగ్గే హెచ్చు. 1949 మే 12న దారులు తెరువబడెను.

1953 సెప్టెంబరు 29న రాయిటర్ మరణించెను. దిగ్బంధ దినములలో దీపముల కరవు నెరిగిన యా నగరవాసులు ఆ రాత్రి కిటికీలలో కొవ్వొత్తులు వెలిగించిరి.