ప్యాచ్ టెస్టును ప్రసాదించిన డాక్టర్ యాడసోన్

మన సంఘ సభ్యుల్లో కొందరైనా చర్మవ్యాధుల డాక్టరు దగ్గర వీపు మీద వరుసగా చిన్న చిన్న బిళ్ళలు అంటించుకొని, రెండు రోజులు వీపు తడవకుండా గడిపి ఉంటారు. దానినే ప్యాచ్ టెస్టు అంటారు. ఏ వస్తువు తగిలితే మన చర్మానికి పడటం లేదో తేల్చి చెప్పే పరీక్ష అది. మామూలు రక్తపరీక్షలో ఆ సంగతి తెలియదు. ఈ పరీక్షను వైద్యలోకానికి ఇచ్చినవారు డాక్టర్ యోసెఫ్ యాడసోన్ అనే జర్మన్ యూదు వైద్యుడు. చర్మవైద్యులందరికీ ఆయన పేరు సుపరిచితమే. ఆయన వల్ల మేలు పొందిన మనబోటి రోగుల్లో మాత్రం ఆ పేరు విన్నవారు తక్కువ. అందుకే ఈ ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

యాడసోన్ 1863 సెప్టెంబరు 10న సైలీషియా ప్రాంతంలోని లీగ్నిట్జ్ పట్టణంలో జన్మించారు. అప్పుడది ప్రష్యా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది. వైద్యవిద్య ముగించుకొని బ్రెస్లౌ నగరంలో ఆల్బర్ట్ నైసర్ దగ్గర సహాయకుడిగా చేరారు. నైసర్ సామాన్యుడు కాదు, 1879లో గనేరియా క్రిమిని కనిపెట్టిన ఘనుడు. అటువంటి గురువు దొరకడం అదృష్టమే.

అయితే ఆ గురువుగారి విషయంలో ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. నైసర్ 1892లో సిఫిలిస్‌కు టీకా కనిపెట్టే తాపత్రయంలో, ఆ రోగుల రక్తం నుంచి తీసిన ద్రవాన్ని కొందరు యువతులకు, వాళ్ళకు చెప్పకుండానే, సూది మందుగా ఎక్కించారు. వారిలో వేశ్యలు ఎక్కువ. కొందరికి తరువాత ఆ జబ్బు వచ్చింది. కొన్నేళ్ళకు పెద్ద అలజడి రేగి, నైసర్‌కు జరిమానా పడింది. రోగి సమ్మతి లేకుండా ఇటువంటి ప్రయోగాలు చేయరాదని 1900 డిసెంబరులో ప్రష్యా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నేటి సమ్మతి పత్రాలకు పాత మూలాల్లో అదొకటి. యాడసోన్ పెరిగినది ఆ నీడలోనే. ఆయన పరీక్షకు కూడా మనిషి చర్మమే కావాలి. కాని అది ఎవరి బాధ వారిదో తేల్చడానికి, వారి ఒంటి మీదే, బిళ్ళంత జాగాలో చేసే పరీక్ష. ఒకే ఊళ్ళో, రెండు మూడేళ్ళ తేడాలో పుట్టిన ఈ రెండు పనుల మధ్య ఎంత దూరముందో చూడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ రోజుల్లో పెన్సిలిన్ లేదు. సిఫిలిస్‌కు, మన పెద్దలు సవాయి అనేవారు, పాదరసమే దిక్కు. పాదరసం కలిపిన బూడిదరంగు లేపనాన్ని ఒంటికి రోజుల తరబడి రుద్దేవారు. పేలు పడినా అదే, ఇతర చర్మరోగాలకూ అదే. అందరికీ సరిపడేది కాదు. కొందరికి రాసిన చోట ఎర్రబడి, పొక్కులు లేచి, నీరు కారేది. రోగం ముదిరిందా, మందు ఎక్కువైందా, లేక ఆ మనిషి ఒంటికే ఆ మందు పడదా? చూపుతో తేలే విషయం కాదు.

యాడసోన్ దానికి ఒక సులువైన ఉపాయం చేశారు. అటువంటి రోగి దద్దురు తగ్గేదాకా ఆగి, బాగున్న చర్మం మీద, చిన్న జాగాలో, పాదరసం ఉన్న పట్టీ అంటించి ఒక రోజు తరువాత తీసి చూశారు. పట్టీ వేసినంత మేరా తిరిగి అదే దద్దురు. అదే పట్టీ వేరేవాళ్ళకు వేస్తే ఏమీ కాదు. అంటే దోషం పాదరసంలో మాత్రమే లేదు, ఆ మనిషి చర్మం పాదరసాన్ని గుర్తుపట్టి ఎదురు తిరుగుతున్నది. ఈ సంగతిని 1895లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో జరిగిన జర్మన్ చర్మవైద్యుల మహాసభలో వివరించారు. అప్పటికి ఎలర్జీ అనే మాటే పుట్టలేదు. వియన్నాలో పిర్కే అనే పిల్లల డాక్టరు ఆ మాటను పుట్టించినది 1906లో. మాట కన్న పదకొండేళ్ళు ముందే పరీక్ష వచ్చిందన్నమాట!

ఆయనకు ముందు ఎవరూ ఇలా చేయలేదా అంటే, చేశారు. 1847లోనే స్టేడెలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త జీడిమామిడి గింజ పెంకు నూనెను అద్దుడు కాగితానికి పట్టించి చర్మం మీద పెట్టి చూశారు. పలాస వైపు జీడిపప్పు పరిశ్రమ తెలిసినవారికి ఆ నూనె చేతులను ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కాని రోగి బాధకు కారణం వెతకడానికి వైద్యపద్ధతిగా దీన్ని నిలబెట్టిన గౌరవం యాడసోన్‌దే.

ఇది ఎలా జరుగుతుందన్నది చాలాకాలం తెలియలేదు. 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ అనే శాస్త్రజ్ఞులు గినీ పందులపై ప్రయోగాలు చేసి, ఈ తిరుగుబాటు రక్తంలోని ద్రవం వల్ల కాదని, తెల్లకణాల జాతి కణాల వల్లనని చూపించారు. ఆ కణాలు ఒకసారి శత్రువని గుర్తుపెట్టుకున్న పదార్థాన్ని ఏళ్ళు గడిచినా మరచిపోవు. అవి కూడి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే ప్యాచ్ టెస్టులో బిళ్ళలు రెండు రోజులు ఉంచి, తీసిన రోజు ఒకసారి, మళ్ళీ ఒకటి రెండు రోజులకు మరోసారి చూస్తారు. ఆ రెండో చూపును మానేస్తే కొన్ని జవాబులు అందవు. దూరం, ఎండ అని ఆ రోజు ఎగ్గొట్టేవారు మనలో ఉన్నారు కనుక ఇంతగా చెప్పాను.

నాకు ఈయన పరిచయమైనదీ ఆ విధంగానే. కొన్నేళ్ళ క్రితం కాలి మడమ పైన చిన్న పుండు పడింది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు రాస్తున్నకొద్దీ చుట్టూ ఎర్రబడి దురద పెరిగింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ వీపు మీద బిళ్ళలు వేయించారు. నియోమైసిన్ బిళ్ళ కింద ఎర్రగా పొంగింది. ఆ మందు ఆ పుండు మందులోనే ఉన్నది! వేరే మందు మార్చాక నెలలోపే మానింది. కాలి పుండ్లు ఉన్న పెద్ద వయసువారిలో ఇది తరచు కనిపించేదేనని ఆవిడ చెప్పి, యాడసోన్ పేరు కూడా ఆ రోజే చెప్పారు. మందే జబ్బు కావచ్చునన్న ఆయన మాట 1895 నాటిది, నా కాలికీ సరిగ్గా వర్తించింది.

1896లో యాడసోన్ స్విట్జర్లాండులోని బెర్న్‌కు చర్మవిభాగాధిపతిగా వెళ్ళి ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నారు. అక్కడి శిష్యుల్లో బ్రూనో బ్లాక్ ముఖ్యుడు. గురువు ఒక్క మందుతో చూపినదాన్ని ఆయన ఎన్నో పదార్థాలకు విస్తరింపజేశారు. ఎక్కువమందికి పడని పదార్థాలను ఒక జాబితాగా పెట్టుకొని అందరికీ అవే పరీక్షించే పద్ధతికి బాట వేసినదీ ఆయనే. ప్రిములా అనే పూలమొక్క రసంతో మామూలు మనుషుల్లో కూడా ఎలర్జీ పుట్టించవచ్చునని నిరూపించారు. బ్లాక్ దగ్గరా, యాడసోన్ దగ్గరా నేర్చుకున్న సుల్జ్‌బర్గర్ అనే అమెరికన్ ఈ విద్యను న్యూయార్కుకు చేర్చారు.

మన దేశంలో ఈ జాబితాకు మన వస్తువులు చేరాయి. నేను కట్టడాల పనులు చూసిన రోజుల్లో మేస్త్రీల చేతులు పగిలి, దురదపెట్టి రసి కారడం ఎన్నోసార్లు చూశాను. సున్నం కోతే అనుకునేవారు. కోత కొంత నిజమే, కాని సిమెంటులోని క్రోమియం ఎలర్జీ కూడా అందులో ఉంది. డెన్మార్కు 1983లోనూ, ఐరోపా సమాఖ్య దేశాలన్నీ 2005లోనూ దానికి హద్దు పెట్టాయి. ఐరన్ సల్ఫేటు కలిపితే క్రోమియం అంతగా హాని చేయని రూపానికి మారుతుంది. ఇంకా స్టిక్కర్ బొట్టు జిగురు నుదుట తెల్ల మచ్చ తెస్తుంది. గిల్టు నగల్లో నికెల్, తలకు వేసే నల్లరంగు, రబ్బరు చెప్పులు ఉన్నవే. చాకళ్ళు బట్టల మీద గుర్తుకు వాడే నల్లజీడి రసం రెండవ ప్రపంచ యుద్ధంలో ఇక్కడికి వచ్చిన విదేశీ సిపాయిల మెడల మీద కూడా పొక్కులు లేపిందని వైద్యపత్రికల్లో నమోదైంది. అన్నిటికన్న గడ్డుది వయ్యారిభామ. 1950లలో పుణే వైపు మొదట కనిపించిన ఆ కలుపు మొక్క పొలం గట్లన్నీ ఆక్రమించింది. దాని పొడి గాలిలో తేలి ముఖం, మెడ, రెప్పలు, మోచేతి మడతల మీద దద్దురు తెస్తుంది. కొందరు రైతులకు ఎండలో తిరగడమే కష్టమవుతుంది. అందుకే మన దేశపు ప్యాచ్ టెస్టు పెట్టెలో వయ్యారిభామ బిళ్ళ కూడా ఉంటుంది.

నైసర్ 1916లో మరణించగా, మరుసటి ఏడు యాడసోన్ ఆయన స్థానంలోకి బ్రెస్లౌకు తిరిగి వచ్చారు. అప్పటికి యాభై నాలుగేళ్ళు. బ్రెస్లౌ చర్మవైద్యానికి ఒక కాశీ అయింది. 1925లో తన పేరిట ఒక చర్మపరీక్షను తెచ్చిన విల్హెల్మ్ ఫ్రై ఆయన సహాయకుడే. 1927 నుంచి చర్మవ్యాధులపై ఇరవైకి పైగా సంపుటాల మహాగ్రంథాన్ని తన సంపాదకత్వంలో వెలువరించారు.

1931లో పదవీ విరమణ చేశారు. మనలాంటివారికి పదవీ విరమణ తరువాత ఊరి గాలి, చేసిన పనికి గౌరవం దక్కుతాయి. ఆయనకు ఆ భాగ్యం లేదు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక యూదు ఆచార్యులను తొలగించారు. ఆయన వారసుడు మాక్స్ జెస్నర్ పదవి కోల్పోయి దేశం విడిచారు. ఫ్రై న్యూయార్కులో కన్నుమూశారు. యాడసోన్ స్విట్జర్లాండు చేరి 1936 మార్చి 24న జూరిచ్‌లో మరణించారు. కుమారుడు వెర్నర్ కూడా చర్మవైద్యుడై జెనీవాలో ఆచార్యుడుగా పనిచేశారు. బ్రెస్లౌ నగరం 1945 తరువాత పోలండుకు చెంది వ్రోత్స్వాఫ్ అయింది. మహాగ్రంథపు చివరి సంపుటాలు సంపాదకుడు లేకుండా, ఆయన పోయిన తరువాత, 1937లో వెలువడ్డాయి.