డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

గర్భిణులకొఱకు ఫోలిక్ ఆమ్లపు బిళ్లలు కొని తెచ్చు గృహస్థులలో ఎందఱు ఈ యాంధ్రుని స్మరింతురు? ఆ పదార్థమును రసాయనశాలలో నిర్మించిన శాస్త్రజ్ఞులకు మార్గదర్శి వీరే. అట్టివాని నేల పోగొట్టుకొంటిమో యోచించుట మన విధి.

వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. సంగ్రహణి వీరి యన్నను బలిగొనెను. తామును ఆ వ్యాధికి లోనై, ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద చికిత్సచే బ్రతికిరి. చెన్నపురి వైద్య కళాశాలలో చదువు కాలమున గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రశాలకు పోగా, ఆంగ్లేయుడగు ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పత్రమే దక్కెను. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, మామగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోను 1923లో అమెరికా చేరిరి.

హార్వర్డులో ఫిస్కేగారితో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరముల శక్తికి ఆధారమగు ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అను పదార్థములను గుర్తించిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి.

వీరి మహత్కార్యములలో పెక్కు విషమచక్రీయ సమ్మేళనములతో ముడివడి యున్నవి. కర్బన పరమాణువులు ఉంగరమువలె కూడి, వానినడుమ నత్రజని వంటి యన్య పరమాణువు చేరిన అది విషమచక్రము. ఫోలిక్ ఆమ్లమునందలి టెరిడిన్ భాగమున అట్టి యుంగరములు రెండు జంటగా నుండి, నాలుగు నత్రజని పరమాణువులు కలిగి యుండును. 1945లో వీరి సహచరులు దీనిని నిర్మించిరి. అన్నను చంపిన సంగ్రహణివలన కలుగు రక్తహీనతకు అదియే యౌషధ మయ్యెను.

ఆ యుంగరముపై నొకచోట ఆమ్లజని, ఉదజనుల జంటను తొలగించి నత్రజని గల అమైనో సమూహమును నిలిపిన, ఆహారము అవరోధముగా మాఱును. కణములు విభజన చెందుటకు వలయు ఫోలిక్ ఆమ్లము వానికి ఉపయోగపడకుండ నిది అడ్డుపడును. అదియే అమినోప్టెరిన్. బోస్టనులో ఫార్బరుగారు దీనిని రక్తపు కాన్సరుతో నున్న 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందిలో తాత్కాలికముగానైనను గుణము కనబడెనని 1948లో ప్రకటించిరి. దీని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేడు కాన్సరునకును, కీళ్లవాతమునకును వాడబడుచున్నది.

రెండు నత్రజనులు గల పిపరజీన్ ఉంగరమునుండి 1947లో హెట్రజాను వెలువడెను. బోదకాలు కలిగించు క్రిములు రక్తములో విడుచు పిల్లలను అది నశింపజేయును. మన కోస్తా గ్రామములకు ఆ వ్యాధి చిరపరిచితము. 2004 మొదలు ప్రభుత్వము దేశమందు సంవత్సరమున కొకసారి జనులకు పంచిన బిళ్ల యిదియే.

స్వదేశమును మరల చూడకయే, అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే 1948 ఆగస్టులో న్యూయార్కున కీర్తిశేషులైరి. 1995లో తపాలా బిళ్లపై వీరి బొమ్మ ముద్రించితిమి. అది ఋణవిముక్తి కాదు. ఖద్దరును ద్వేషించినవారు ఒక పట్టమును నిరాకరించిరి. ఒక దాత ధర్మద్రవ్యము ఆ విద్యార్థికి ద్వారము తెఱచెను. గుళ్లు, సత్రములు కట్టించు మన సంపన్నులు ప్రయోగశాలలను, బీద విద్యార్థులను సైతము ధర్మపాత్రములుగా నెంచిన, మఱియొక సుబ్బారావు స్వదేశముననే నిలుచును.