విలియం ఆస్లర్
సర్ విలియం ఆస్లర్ (జూలై 12, 1849 - డిసెంబర్ 29, 1919) కెనడాకు చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, అధ్యాపకుడు. ఈయన ఒంటారియోలోని బాండ్ హెడ్‌లో జన్మించాడు. 1872లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొంది, అక్కడే బోధించి, 1884లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వెళ్ళాడు.

1888లో ఆస్లర్ ఒకే కుటుంబంలో ఐదు తరాలుగా వస్తున్న వాపు వ్యాధిని వర్ణించాడు. ఇటువంటి వాపులను జర్మన్ వైద్యుడు క్వింకె 1882లోనే వివరించినప్పటికీ, ఇందులో వంశపారంపర్యంగా వచ్చే రకాన్ని వేరుచేసి చూపిన ఘనత ఆస్లర్‌కే దక్కుతుంది. ముఖము, చేతులు ఉన్నట్లుండి ఉబ్బి కొద్ది రోజులలో తగ్గుతాయి. దద్దుర్లు, దురద ఉండవు. పేగులు వాచినచో తీవ్రమైన కడుపునొప్పి కలుగుతుంది. గొంతు వాచినచో ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. ఆ కుటుంబంలోనూ అలా మరణించినవారున్నారు. వ్యాధిని గుర్తించగలిగాడే గాని, దానిని నయం చేసే మందు ఆనాడు ఆయన చేతిలో లేదు. రక్తంలోని సి1 నిరోధకమనే ప్రోటీను లోపమే దీనికి కారణమని 1963లో తెలిసింది. మామూలు ఎలర్జీ మందులకు ఈ వాపు లొంగదు. ఆ ప్రోటీనునే నరంలోకి ఎక్కించడం నేటి చికిత్సలలో ఒకటి. అందువలన వాపుతో వచ్చిన రోగిని తల్లిదండ్రుల, తోబుట్టువుల ఆరోగ్యం గురించి అడగడం ఇప్పటికీ అవసరమే.

1889లో ఆస్లర్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేరాడు. 1892లో ప్రచురించిన ఆయన వైద్య గ్రంథం దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకంగా నిలిచింది. 1905లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. కుమారుడు రెవెర్ 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించాడు. రెండేళ్ళ తరువాత ఆస్లర్ ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు.